వోయ్‌నిచ్ ప్రతి: తెలియని భాషా, సంకేతలిపా, అర్థం లేని రాతా?

"వోయ్‌నిచ్ లిపి గుట్టు వీడింది" అన్న వార్త వచ్చినప్పుడల్లా చాలామంది నన్ను అడిగేది ఒకటే: ఇంతకీ ఏ వాదాన్ని నమ్మాలి? వోయ్‌నిచ్ ప్రతి అంటే ఇప్పటిదాకా ఎవరూ చదవలేని లిపిలో, మొక్కల, నక్షత్రాల బొమ్మలతో ఉన్న పాత చేతిరాత పుస్తకం. ఒకప్పుడు దాన్ని కొన్న పుస్తకాల వ్యాపారి వోయ్‌నిచ్ పేరు దానికి వచ్చింది, ఇప్పుడు అది యేల్ విశ్వవిద్యాలయంలో ఉంది. ఇక నేరుగా వాదాల్లోకి వెళ్దాం.

నా దృష్టిలో అసలు పరీక్ష ఒకటే. గుట్టు విప్పానన్న మనిషి ఒక్కో గుర్తుకు ఇచ్చిన ఉచ్చారణ విలువలతో, అతను అంతవరకు చూడని పాఠాన్ని వేరొకరు చదవగలగాలి. 1952లో మైకేల్ వెంట్రిస్ లీనియర్ బి అనే ప్రాచీన గ్రీసు లిపి అక్షరాలకు గ్రీకు విలువలు ఇచ్చాడు. గ్రీసులోని పైలోస్‌లో తవ్వకాలు జరిపిన కార్ల్ బ్లెగన్, అక్కడ దొరికిన ఒక మట్టిపలకను 1953లో అవే విలువలతో చదివి చూశాడు. వెంట్రిస్ ఆ పలకను చూడనే లేదు. ముక్కాలి పాత్ర బొమ్మ దగ్గర "తిరిపొ", అంటే గ్రీకులో ముక్కాలి, అని వచ్చింది. నాలుగు పిడుల పాత్ర పక్కన నాలుగు చెవులు (చెవులంటే పిడులే) అనే మాట, పిడి లేని పాత్ర పక్కన చెవులు లేనిది అనే మాట వచ్చాయి. దాంతో అనుమానాలు చాలావరకు తీరిపోయాయి.

ఇప్పుడు వోయ్‌నిచ్‌కు రండి. తెలియని లిపిలో రాసిన మామూలు భాషే అనే వాదం చాలామందికి నచ్చుతుంది, ఎక్కువగా దెబ్బతినేదీ ఇదే. 2014లో స్టీఫెన్ బాక్స్ మొక్కల, నక్షత్రాల బొమ్మల ఆధారంగా పది మాటల దాకా చదివానన్నాడు. అంతకు మించి పెద్దగా ముందుకు సాగలేదు. 2019లో జెరార్డ్ చెషైర్ ఇది ఆదిమ రొమాన్స్ భాష, అంటే లాటిన్ నుంచి పుట్టిన భాషల తొలి రూపం, అన్నాడు. విమర్శలు వచ్చేసరికి బ్రిస్టల్ విశ్వవిద్యాలయమే ఆ పరిశోధనతో తనకు సంబంధం లేదంది. అచ్చులు వదిలేసి, అక్షరాలు తారుమారు చేసిన హీబ్రూ అనే కంప్యూటర్ ప్రయత్నమూ ఉంది. అంత వెసులుబాటు ఇస్తే ఏ పేజీలోనైనా ఏదో ఒక వాక్యం దొరుకుతుంది.

అసలు చిక్కు మాటల నిర్మాణంలోనే ఉంది. పరిశోధకులు "క్యూ" అని రాసుకునే గుర్తు దాదాపు ఎప్పుడూ మాట మొదట్లోనే వస్తుంది, దాని వెంట దాదాపు ఎప్పుడూ "ఓ" గుర్తే. ఒక గుర్తు చూస్తే తర్వాతిదేదో ఊహించడం యూరప్ భాషల్లో కన్నా ఇక్కడ చాలా తేలిక. ఒకే మాట వెంటవెంటనే రెండు మూడుసార్లు వచ్చే వరసలూ ఉన్నాయి. అక్షరానికి అక్షరం మార్చి చదివే భాష ఇలా ఉంటుందని నేను నమ్మలేను.

అందుకే అర్థం లేని రాత అనే వాదాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. 2004లో గార్డన్ రగ్, చిల్లుల అట్టను పట్టిక మీద జరుపుతూ ఇలాంటి మాటలు పుట్టించవచ్చని చూపాడు. అయితే ఆ అట్ట గురించి 1550లో రాశారు. ప్రతి రాసిన తోలు వయసు చూస్తే అంతకు ముందే, 1404-1438 మధ్యది. 2019లో టిమ్, షిన్నర్ అనే ఇద్దరు పరిశోధకులు చెప్పింది ఇంకా బలమైనది: రాసేవాడు పైన రాసిన మాటలనే కొద్దిగా మార్చి మళ్లీ రాస్తూ పోయాడు. దగ్గరదగ్గర మాటలు ఒకేలా ఉండటానికి ఇది చక్కని కారణం.

అయినా నా మొగ్గు సంకేతలిపి వైపే. న్యూబోల్డ్ అనే పండితుడు 1921లో అక్షరాల్లో రహస్య సందేశం దాచిన సూక్ష్మమైన గీతలు చూశానంటే, అవి సిరా పగుళ్లని మాన్లీ అనే మరో పండితుడు 1931లో తేల్చాడు. అలాంటి సంకేతలిపి సంగతి వదిలేద్దాం. నేను చెప్పేది ఒక అక్షరానికి బదులు గుర్తుల గుత్తి వాడే పద్ధతి. 2025లో మైకేల్ గ్రెష్కో పాచికలు, పేకముక్కలతో లాటిన్‌ను వోయ్‌నిచ్ మాటల్లాంటి వాటిగా మార్చి చూపాడు. ప్రతిని చదివానని ఆయన అనలేదు. అర్థమున్న పాఠం కూడా ఇలా కనిపించవచ్చని మాత్రం తేలింది. దీనికి తోడు, లిపి నిపుణురాలు లీసా ఫాగిన్ డేవిస్ ఐదుగురు రాతగాళ్ల చేతిరాతలను గుర్తించారు. ఐదుగురు ఒకే కట్టుబాటుతో రాశారంటే వాళ్లందరికీ నేర్పిన పద్ధతి ఒకటి ఉండాలి అనిపిస్తుంది నాకు. అర్థం లేని రాతకు ఇంతమంది ఎందుకు కూర్చుంటారు?

కృత్రిమ భాష అని అమెరికా సంకేతలిపి నిపుణుడు ఫ్రీడ్‌మన్ అనుకున్నాడు, దాన్ని పరీక్షించే దారి ఇప్పటికీ దొరకలేదు. వోయ్‌నిచ్చే దీన్ని సృష్టించాడనే మాటను కొట్టేయడానికి, ఈ ప్రతి గురించి మార్సీ అనే వైద్యుడు రాసిన 1665 నాటి ఉత్తరం, తోలు వయసు చాలు. గ్రహాంతరవాసుల సంగతి అడగొద్దు.

కొత్త ప్రకటన వస్తే రాశిచక్రం పేజీలతో మొదలుపెట్టండి. నక్షత్రాలు పట్టుకున్న స్త్రీల పక్కన ఒక్కో మాట రాసి ఉంటుంది. ఒక రాశి పేజీలో కుదిరిన విలువలు, ఏమీ మార్చకుండా పక్క రాశి పేజీలోనూ పనిచేయాలి.