విశాఖ నుంచి బారువ దాకా తీరం వెంట: ఏ సైకిల్ మేలు?

ఆర్కే బీచ్ నుంచి భీమిలి వరకే వెళ్లి వచ్చేయాలంటే ఈ చర్చ అక్కర్లేదు. ఒకవైపు 30 కిలోమీటర్ల లోపు దూరం, అంతా తారురోడ్డు. కొండ వచ్చి సముద్రాన్ని ఒరుసుకునే తీరం అది. జోడుగుళ్లపాలెం, రుషికొండ, తొట్లకొండ, మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు వరసగా వచ్చేస్తాయి. ఎక్కుడు దిగుడులున్నా చక్రాలు బాగా తిరిగే ఏ సైకిలైనా పోతుంది.

భీమిలి దాటాక లెక్క మారుతుంది. అక్కణ్నుంచి శ్రీకాకుళం జిల్లాలోని బారువ దాకా ఊరి నుంచి ఊరికి నేరుగా తీరం వెంట దారి లేదు. భీమిలిలో గోస్తని, కోనాడ దగ్గర చంపావతి, శ్రీకాకుళం దాటాక నాగావళి, కళింగపట్నంలో వంశధార, బారువలో మహేంద్రతనయ, ఇలా ప్రతి ఏరూ తన మొగ దగ్గర దారికి అడ్డం పడుతుంది. తీరానికి దిగడం, పల్లెలు చూసుకోవడం, వంతెన కోసం మళ్లీ పైకి రావడం, ఇదే వరస. కళింగపట్నం దాకా వెళ్లినవాళ్లు ఎదురుగా అవతలి ఒడ్డు కనపడుతున్నా మడపాం దగ్గరి హైవే వంతెన దాకా చుట్టు తిరగాల్సిందే. అంటే ఒకే రోజులో ఎన్‌హెచ్ 16 తారు, పల్లెల సిమెంటు రోడ్డు, సరుగుడు తోటల మధ్య ఇసుక బాట, మూడూ తగులుతాయి. సైకిల్ ఈ మూడింటికీ సరిపోవాలి.

ముందు రోడ్‌బైక్ సంగతి. 25 మిల్లీమీటర్ల టైరు, 90 పీఎస్ఐ గాలి. హైవే మీద దీన్ని మించింది లేదు. ఇసుక బాటలోకి దిగగానే ముందు చక్రం కూరుకుపోతుంది, దిగి నడిపించాలి. భీమిలి రోజువారీ రైడ్‌కి ఇది బాగుంటుంది కానీ నాలుగు రోజుల తీరయాత్రకి వద్దు.

ముందు షాకులున్న కొత్త ఎంటీబీ (మౌంటెన్ బైక్) చూడ్డానికి ఈ పనికే పుట్టినట్టు ఉంటుంది. తీరంలో దాని బలమే దాని బలహీనత. షాకు గొట్టాల మీద ఉప్పు తేమ, దాని మీద సన్న ఇసుక పేరుకుని సీలుని అరగదీస్తాయి. తక్కువ ధర షాకులు కొన్నాళ్లకే బిగుసుకుపోతాయి, అప్పుడు మిగిలేది అదనపు బరువే. పైగా ఈ దారిలో షాకు అవసరమైన రాళ్లబాట చాలా తక్కువ. ఇసుకలో కావలసింది వెడల్పు టైరు, తక్కువ గాలి.

మామూలు నల్ల సైకిల్‌ని తీసిపారేయకూడదు. 28×1½ టైరు, ఉక్కు ఫ్రేము, గట్టి క్యారియర్. దానికి ట్యూబు, స్పోకు, బేరింగు గుళ్లు ఏ పల్లెలోనైనా దొరుకుతాయి. చిక్కంతా గేరుతోనే. ముందు 44 పళ్లు, వెనక 18 అయితే పెడల్ ఒక చుట్టుకి 5 మీటర్లకు పైనే ముందుకు పోవాలి. తొట్లకొండ మీదికి అది తొక్కలేం. ఎదురుగాలిలో 60 కిలోమీటర్లు అలా తొక్కితే మోకాళ్లు పట్టేస్తాయి. చదునైన గార, శ్రీకూర్మం, కళింగపట్నం వైపు మాత్రమే రెండు రోజులు తిరిగేవాళ్లకి ఇది చక్కటి బండి.

ఇక మిగిలినవి రెండు: 38 మిల్లీమీటర్ల టైరు, 700సీ సైజు చక్రం ఉన్న హైబ్రిడ్ (రోడ్‌బైక్‌కీ ఎంటీబీకీ మధ్యరకం), షాకుల్లేని పాతకాలపు 26 అంగుళాల ఎంటీబీ. అసలు పోటీ వీటి మధ్యే.

తారు మీద హైబ్రిడ్ తేలిగ్గా పోతుంది, రోజంతా తొక్కితే ఆ తేడా తెలుస్తుంది. కానీ 700సీ ట్యూబు విశాఖ, విజయనగరం, శ్రీకాకుళం దాటితే దొరకడం కష్టం. వాల్వు కూడా చూసుకోవాలి. సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటే పల్లెల్లోని పంచర్ షాపు పంపు పట్టదు, వేలెడు కూడా లేని ఇత్తడి అడాప్టర్ జేబులో ఉండాలి. రిమ్ముకి ప్రెస్టా రంధ్రం సుమారు ఆరున్నర మిల్లీమీటర్లే. ఎనిమిదిన్నర మిల్లీమీటర్ల రంధ్రం కావాల్సిన మోటార్‌సైకిల్ రకం వాల్వు అందులో దూరదు. మన దగ్గర అమ్మే చాలా హైబ్రిడ్లకి మోటార్‌సైకిల్ రకమే ఉంటుంది. కొనేముందు వాల్వు మూత తీసి చూస్తే తెలిసిపోతుంది.

పాత 26 ఎంటీబీకి ఆ బాధ లేదు. పెట్రోల్ బంకులో గాలి పట్టేయొచ్చు. గుబ్బల టైరు తీసేసి 26×1.75 నున్నటి టైరు వేస్తే తారు మీద కూడా బాగానే సాగుతుంది. కొనేటప్పుడు ఒక జాగ్రత్త: టైరు మీద 26×1⅜ అని భిన్నంలో ఉంటే అది వేరే రిమ్ముది, ఈ రిమ్ముకి ఎక్కదు. టైరు పక్కగోడ మీద రిమ్ము సైజు చెప్పే 559 అంకె ఉందో లేదో చూడండి. ట్యూబు మాత్రం సాగుతుంది కాబట్టి అటుదైనా ఇటుదైనా సర్దుకుంటుంది. ముందు చిన్న పళ్లచక్రం 28, వెనక పెద్దది 28 ఉంటే ఈ దారిలోని ఏ ఎక్కుడైనా సామానుతో కూర్చునే తొక్కొచ్చు.

మా ఓటు ఈ పాత ఎంటీబీకే. వేగం తక్కువైనా ఆగిపోయిన చోటే బాగవుతుంది. పల్లెదారిలో ఇది పెద్ద విషయం. ఇంట్లో ఇప్పటికే హైబ్రిడ్ ఉంటే రెండు ట్యూబులు, అడాప్టర్ పట్టుకుని అదే తీసుకెళ్లండి, దీనికోసం ఇంకోటి కొనక్కర్లేదు.

గాలి లెక్క: మనిషి, సామాను కలిపి 85 కిలోలుంటే 1.75 టైరుకి వెనక 45, ముందు 38 పీఎస్ఐ. ఇసుక బాటలో 28కి దించండి. తారెక్కగానే తిరిగి కొట్టాలి. బద్ధకించి అలాగే పోతే గుంత అంచు తగిలినప్పుడు రిమ్ము ట్యూబుని నొక్కి పక్కపక్కనే రెండు చిల్లులు పెడుతుంది. ఎంత వెడల్పు టైరైనా పొడి ఇసుకలో సామానుతో పోదు. పాటులో నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు తడి ఇసుక గట్టిగా ఉంటుంది కానీ ఉప్పునీళ్లు చైనుకీ హబ్బుకీ అంటుకుంటాయి. సరదాకి కిలోమీటరు తొక్కండి, దాన్నే దారి చేసుకోవద్దు.

సామాను వీపుకి తగిలించుకోవడం కంటే క్యారియర్‌కి ఇరువైపులా సంచులు మేలు. తీరపు ఉక్కలో వీపు మీద బ్యాగుంటే చెమటపొక్కులు ఖాయం. పది కిలోలు దాటకూడదు. వెనక బరువు పెరిగితే చైను వైపు స్పోకులు తెగుతాయి, ఎందుకంటే ఎక్కువ బిగువు ఉండేది అక్కడే. 36 స్పోకుల చక్రం ఉంటే నిశ్చింత. క్యారియర్ బోల్టులు ఎం5 సైజువి నాలుగు అదనంగా ఉంచుకోండి, సిమెంటు రోడ్డు అతుకుల మీద కుదుపుకి సడలేవి అవే.

సాయంత్రం రెండు లీటర్ల మంచినీళ్లతో కడిగి, తుడిచి, చైను ప్రతి లంకెకీ ఒక చుక్క నూనె వేయాలి. తుప్పు వదిలించే స్ప్రే కొట్టి ఊరుకోవద్దు, ఉన్న నూనెని కూడా అది కడిగేస్తుంది. ఒక్కరాత్రి వదిలేసినా తెల్లారేసరికి చైను ఎర్రబడుతుంది.

ఎటునుంచి ఎటు వెళ్లాలన్నది సైకిల్ ఎంపిక కంటే ఎక్కువ శ్రమ తగ్గిస్తుంది. ఈ తీరం నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది. డిసెంబరు, జనవరుల్లో గాలి ఈశాన్యం నుంచి వస్తుంది కాబట్టి సైకిల్‌ని రైలు పార్సిల్లో వేసి పలాస గానీ సోంపేట గానీ చేరి, విశాఖ వైపు తొక్కుతూ రావాలి. మార్చి నుంచి నైరుతి గాలి, అప్పుడు విశాఖ నుంచి పైకి. అక్టోబరు, నవంబరు వద్దు. హుద్‌హుద్ తుపాను వచ్చింది 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న. జనవరి అన్నిటికన్నా మంచిది. నౌపడ ఉప్పు మళ్ల పక్కనుంచి పోతూ తేలినీలాపురంలో పెలికాన్లని కూడా చూడొచ్చు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు మరబోట్ల వేటకి సెలవు, ఆ రోజుల్లో రేవుల్లో సందడి తగ్గుతుంది.

పంచర్లు రెండు చోట్లా అవుతాయి, కారణాలే వేరు. హైవే అంచున పేలిన లారీ టైర్ల సన్నటి ఉక్కు తీగలు పడి ఉంటాయి. వెంట్రుకంత తీగ టైరులో దిగి కనపడదు. ట్యూబు మార్చే ముందు టైరు లోపల దూదితో తుడవండి, దూది చిక్కుకున్న చోట తీగ ఉన్నట్టు. పట్టకారుతో లాగాలి. తీరంలో మొగలి పొదల ముళ్లు, తుమ్మముళ్లు.

దారి అడిగేటప్పుడు "అన్నా, ఇటు బండెల్తాదా?" అని అడగడం ఒక్కటే చాలదు. ఆయన చెప్పేది తన మోటార్‌సైకిల్ లెక్కలో. "ఇసుకుందా?" అని కూడా అడగాలి.

పల్లెల్లో సిమెంటు రోడ్డు మీదే వలలు పరుస్తారు, చేపలు ఎండబెడతారు. వల మీదుగా ఒక్క అడుగు కూడా తొక్కొద్దు. దిగి, పక్కనుంచి సైకిల్ ఎత్తుకుని వెళ్లండి. తెగిన నైలాన్ పోగు ఒకటి చైనుకి తగిలిందంటే చక్రంతో పాటు తిరిగి ఫ్రీవీలు వెనక ఇరుసు చుట్టూ దారపు ఉండలా బిగుస్తుంది. చక్రం విప్పి బ్లేడుతో పోగు పోగూ కోసి తీస్తే అరగంట పని. అవతలి పక్క తెగిన ఆ వల కన్ను అల్లుకోవడానికి జాలర్లకి పట్టే సమయం అంతకంటే ఎక్కువ.