పిల్లలతోని, అమ్మతోని పాండవుల గుట్టల మీద ఒక పొద్దు

పోయిన కార్తీకంల ఒక ఆదివారం పాండవుల గుట్టలకు పోయినం. నేను, మా ఆవిడ, పదేండ్ల బాబు, ఆరేండ్ల పాప, అరవై దాటిన మా అమ్మ. వరంగల్ చుట్టుపక్కల ఫ్యామిలీతోని ఎటన్న పోదామంటే అందరూ ముందు లక్నవరం పేరే చెప్తరు, మేం గూడ రెండుసార్లు పోయినం, చెరువు, ఊగే బ్రిడ్జి, బోటు మంచిగనే ఉంటయ్, కానీ అది కూసోని చూసే జాగ. నాకు మా పిల్లలు అడవిల నడవాలె, చెట్ల పేర్లు అడగాలె, కాళ్లు నొయ్యాలె అనుండె. అందుకే ఈసారి గుట్టలకు.

హన్మకొండ నుంచి పరకాల మీదికెళ్లి రేగొండ దారి, 50 కిలోమీటర్ల పైచిలుకు. ఆరున్నరకు బయలెల్లి పరకాలల ఇడ్లీ తిని, దారిల అమ్ముతున్న సీతాఫలాలు నాలుగు తీసుకొని ఎనిమిదిన్నర వరకు గుట్టల కిందికి చేరినం. అటవీ శాఖ వాళ్లు ఇక్కడ ట్రెకింగ్, రాక్ క్లైంబింగ్, తాడుతోని దిగుడు గూడ చేపిస్తరు, అవి కావాలనుకునేటోళ్లు ముందే మాట్లాడుకొని పోవాలె. మాకు నడకొక్కటే కావాలె గనక దారి తెలిసిన ఒక ఊరి పిలగాన్ని వెంట తీసుకున్నం. ఇది మాత్రం తప్పకుండ చెయ్యుండ్రి, ఎందుకంటే పాతకాలం మనుషులు రంగుతోని వేసిన బొమ్మలున్న బండలు ఎక్కడున్నయో మనంతల మనకు దొరకయ్, పక్క నుంచే నడిచిపోతం, కనబడయ్.

ఒక దిక్కు నుంచి ఎక్కి గుట్ట చుట్టు తిరిగి ఇంకో దిక్కు నుంచి మళ్ల కారు దగ్గరికే వచ్చేటట్టు తీస్కపోయిండు. పిల్లలతోని ఆగుకుంట ఆగుకుంట మాకు మూడు గంటలు పట్టింది. మొదటి అర్ధగంట అంతా సాఫు దారే, టేకు, మద్ది, తునికి చెట్లు. ఆ పిలగాడు లేత టేకాకు తెంపి పాప చేతిల నలిపిచ్చిండు, గోరింటాకు పెట్టుకున్నట్టు ఎర్రగైంది చెయ్యి. ఇగ చూడు, దారి పొడుగున ఆమెకదే పని. తునికి చెట్టు కనబడంగనే మా అమ్మ ఆగింది. చిన్నప్పుడు ఎండకాలం తెల్లారకముందే లేసి వాళ్లమ్మతోని బీడీలు చుట్టే తునికాకు తెంపేటందుకు పోయేదట, యాభై ఆకుల కట్ట ఎట్ల కడతరో మనమనికి అక్కడికక్కడ చేసి చూపెట్టింది. ఇన్నేండ్లల ఆ ముచ్చట నాకే ఎన్నడూ చెప్పలే.

పైకి పోయిన కొద్దీ బండల తీరు మారుతది. ఇవి మన హన్మకొండ దిక్కు కనబడే నల్లరాయి గుండ్ల లెక్క కావు, ఇసుకరాయి. ఎన్నడో నీళ్లల్ల పొరలు పొరలుగ పేరుకున్న ఇసుక గట్టిపడి రాయైంది, అందుకే దగ్గర నుంచి చూస్తే రొట్టెలు ఒకదాని మీద ఒకటి పేర్చినట్టు గీతలు గీతలుగ ఉంటది. వానకు, గాలికి మెత్తటి పొరలు అరిగిపోయి పైన బండ చూరు లెక్క ముందుకు వచ్చి నిలబడతది. ఆ చూరు కిందనే పాతకాలం మనుషులు తలదాచుకున్నరు, ఆ గోడల మీదనే బొమ్మలేసిండ్రు.

అడవిదున్న, జింక, పులి, విల్లు బాణాలు, స్వస్తిక్ గుర్తు, గుండ్రాలు, చతురస్రాలు. 1990ల ఈ బొమ్మలు బయటి లోకానికి తెలిసినయట గానీ చుట్టుపక్కల ఊర్లోళ్లు పాండవులు వనవాసంల ఇక్కడ ఉన్నరని ఎప్పటి నుంచో చెప్పుకుంటరు, గుట్టకు ఆ పేరు అందుకే. చాలా మటుకు ఎరుపే. మా అమ్మ చానాసేపు చూసి "ఇది మన జాజు లెక్కనే ఉన్నది కదా బిడ్డా" అన్నది. నిజంగనే, గడపకు పూసే జాజు ఏ ఎర్రమన్నో, ఆ బొమ్మల ఎరుపు గూడ అసొంటి మన్నుదే. అప్పటిదాక కోతుల కోసం చూస్తున్న బాబు అప్పుడు దగ్గరికొచ్చి కూసున్నడు, ఒక దున్న కొమ్ములు వేలుతోని గాలిలనే గీసుకుంట. ముట్టుకోవద్దని ముందే చెప్పిన, చేతి చెమటకు గూడ రంగు పోతది.

కానీ అదే బండకు జానెడు దూరంల పేర్లు చెక్కిండ్రు. ప్రేమ గుర్తులు, తేదీలు, పెయింటుతోని గూడ. నాకు కడుపుల దేవినట్టైంది. వేల ఏండ్లు వానకు, ఎండకు ఆగిన బొమ్మ అది, పక్కన రాళ్లతోని గీకుతుంటే ఎంత కాలం ఉంటది? పోయేటోళ్లు మీ వెంటొచ్చిన పిలగాండ్లను దయచేసి చూస్కోండ్రి, గట్టిగ చెప్పుండ్రి.

దిగేటప్పుడు రెండు బండల నడుమ ఒక ఇరుకు సందు ఉంటది, ఒక్కొక్కరం పక్కకు తిరిగి పోవాలె, కింద రాళ్లు కదులుతయ్. పిల్లలకైతే అదే పండుగ. మా అమ్మ మాత్రం రెండు చోట్ల కూసోని జారుకుంట దిగింది, పిలగాడు చెయ్యి ఇచ్చిండు. మోకాళ్ల నొప్పులున్నోళ్లను బొమ్మల దాక తీస్కపోయి వచ్చిన దారినే మళ్లించుడు మంచిది, చూసేది అంతవరకే ఎక్కువున్నది. ఎత్తు బండలకు పెద్ద తేనెతుట్టెలున్నయ్, సెంటు కొట్టుకొని పోవద్దు, ఎక్కడా పొగ పెట్టొద్దు, అరవొద్దు. మనిషికి లీటరు నీళ్లు తక్కువల తక్కువ. మేం ఇంటి నుంచి సర్వపిండి, పులిహోర పట్టుకపోయినం, పైన మాకు ఏ దుకాణం కనబడలే. బాత్రూం పని పరకాలలనే చూస్కోండ్రి, ఆడోళ్లకు ఇబ్బంది అయితది. ఎండకాలం బండ కాలుతది, వానల జారుతది, దసరా పోయినంక శివరాత్రి దాక సరైన కాలం.

అటెంక గణపురంల కాకతీయుల కాలం నాటి కోటగుళ్లు చూసుకొని రామప్పకు పోయినం. 1213ల కాకతీయుల సేనాపతి రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021ల యునెస్కో గుర్తింపు వచ్చింది. పొద్దుగాల ఇసుకరాయి గురించి విన్నందుకేమో బాబు గుడి గోడ దగ్గర ఆగి "డాడీ, ఇది గూడ అదే రాయా?" అన్నడు. గోడల ఎర్రటిది ఇసుకరాయే, నిగనిగలాడే నల్ల బొమ్మల రాయి వేరే అని చూపెట్టిన. గోపురానికి వాడిన, నీళ్లల్ల తేలే ఇటుకల ముచ్చట గూడ చెప్తే ఇద్దరూ గోపురం దిక్కే చూసిండ్రు.

రాత్రి ఉండుడు మాత్రం నేను చేసిన తప్పు. ఆ దిక్కుల ఒక ప్రైవేటు కాటేజీ ఫోటోలు చూసి బుక్ చేసిన, 3,500 తీసుకున్నరు, అమ్మకు ఇంకో బెడ్ ఇస్తమని చెప్పి చాప ఇచ్చిండ్రు, వేడినీళ్లు తెల్లారి ఎనిమిదికి గూడ రాలే. అంత నడిచిన మనిషి చన్నీళ్లు పోసుకున్నది. మీరైతే హన్మకొండలనే ఉండి తెల్లారి పోయి పొద్దుగూకె వరకు వాపసు రండ్రి, ఒక్క రోజుల గుట్టలు, రామప్ప రెండూ అయితయ్. రెండు రోజులు ఉండాలనుంటే తాడ్వాయి దిక్కు అడవిల హట్స్ ఉన్నయ్, మేం శివరాత్రి ముందు మా చెల్లె పిల్లలను గూడ తీస్కొని అటు పోదామనుకుంటున్నం, అక్కడ ఉండొచ్చినోళ్లు ముసలోళ్లకు ఎట్లుంటదో జర చెప్పుండ్రి.