మొదటి టెలిస్కోపు: కటకమా, అద్దమా?

టెలిస్కోపు కొనేవారు అట్టపెట్టె మీద పెద్ద అక్షరాలతో ముద్రించే 'ఇన్ని వందల రెట్లు' అనే అంకెను పక్కన పెట్టి, కాంతిని పోగుచేసే కటకం లేదా అద్దం వ్యాసం ఎంతో ముందుగా చూడాలి. మిల్లీమీటరు వ్యాసానికి రెండు రెట్లకు మించి పెంచితే బొమ్మ పెద్దదవుతుందే తప్ప కొత్త వివరమేదీ కనిపించదు కనుక, 60 మిల్లీమీటర్ల పరికరానికి 120 రెట్లే హద్దు.

కటకాలతో పనిచేసే రిఫ్రాక్టరు తేలికైనది, దాని నిర్వహణ దాదాపు శూన్యం. 70 మిల్లీమీటర్ల దానిలో చంద్రుని బిలాలు, గురుని నాలుగు ఉపగ్రహాలు, శని వలయం హాయిగా కనిపిస్తాయి. అయితే చవకరకాల్లో చంద్రుని అంచున ఊదారంగు చార కనిపిస్తుంది. అంతకంటే పెద్ద లోపం సన్నకాళ్ల స్టాండు; ఫోకస్ మర తాకగానే బొమ్మ వణికిపోయి, కుదుటపడేదాకా ఆగవలసి వస్తుంది.

నా దృష్టిలో డాబా ఉన్న ఇంటికి సరైనది 150 మిల్లీమీటర్ల డాబ్సోనియన్. 1668లో న్యూటన్ నిర్మించిన అద్దపు టెలిస్కోపునే శాన్‌ఫ్రాన్సిస్కోలో జాన్ డాబ్సన్ చెక్కపీటపై తిరిగేలా అమర్చి సామాన్యులకు అందుబాటులోకి తెచ్చారు. కాంతి సేకరణ వ్యాసం వర్గాన్ని బట్టి పెరుగుతుంది కాబట్టి ఇది 70 మిల్లీమీటర్ల కటకం కంటే నాలుగున్నర రెట్లు ఎక్కువ కాంతిని పోగుచేస్తుంది. వేసవి రాత్రుల్లో మన దక్షిణాకాశంలో తక్కువ ఎత్తున కనిపించే ఒమేగా సెంటారీ అనే బంతిలాంటి నక్షత్రాల గుంపు, చిన్న కటకంలో మసక ముద్దలా ఉండేది, ఊరి దీపాలకు దూరంగా ఇందులో చూస్తే చక్కెర చల్లినట్టు వేర్వేరు నక్షత్రాలుగా విడిపోతుంది. ఆ ఒక్క దృశ్యం కోసమైనా ఈ పరికరం కొనదగినది. కష్టాలూ లేకపోలేదు. అద్దాల అమరికను అప్పుడప్పుడు సరిచూసుకోవాలి. మోటారు లేని రకంలో 200 రెట్ల వద్ద గ్రహం సుమారు నిమిషంలోనే చూపులోంచి జారిపోతుంది కనుక గొట్టాన్ని చేత్తో నెడుతూ ఉండాలి.

కటకం, అద్దం రెండూ కలిసిన మాక్సుటోవ్, ష్మిట్-కాసెగ్రెయిన్ రకాలు పొట్టివి, ఖరీదైనవి. 127 మిల్లీమీటర్ల మాక్సుటోవ్ గ్రహాలకు అద్భుతంగా పనిచేస్తుంది కానీ, 1500 మిల్లీమీటర్ల పొడవైన నాభ్యంతరం (ఫోకల్ లెంగ్త్) వల్ల ఒకేసారి కనిపించే ఆకాశం చిన్నదై, కృత్తికల గుంపు మొత్తం అందులో ఒకేసారి ఇమడదు. ముందున్న గాజుపై మంచు పడుతుంది కనుక దానికి తొడుగు కూడా కొనుక్కోవాలి. లిఫ్టు లేని అపార్టుమెంటులో పై అంతస్తుకు రోజూ మోయవలసినవారికి మాత్రం డాబ్సోనియన్ కంటే దీనినే సూచిస్తాను.