గదిలో సరుకుకా, దారిలో సరుకుకా: ఆన్‌లైన్ చీరల వ్యాపారానికి ఏ బీమా?

ఇంట్లో ఒక గది నిండా మంగళగిరి చీరలు పెట్టుకుని ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు ముందుగా చూడాల్సింది భారత్ సూక్ష్మ ఉద్యమ సురక్ష. ఒకేచోట మొత్తం ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు దాటని వ్యాపారాలకు 2021 ఏప్రిల్ నుంచి ఉన్న పాలసీ ఇది. అగ్నిప్రమాదం, తుపాను, వరద దీంట్లోకి వస్తాయి. మామూలు దొంగతనం రాదు, తలుపు పగలగొట్టి చేసే దొంగతనానికి బర్గ్లరీ కవర్ విడిగా తీసుకోవాలి. ఇంటి బీమా ఉందిగా అని ఊరుకోవద్దు, అమ్మకపు సరుకు అందులో లేదు.

చాలామంది దెబ్బతినేది విలువ తక్కువ చూపించి. 10 లక్షల సరుకుకు 6 లక్షలకే బీమా చేస్తే, 2 లక్షల నష్టానికి అదే నిష్పత్తిలో చేతికొచ్చేది 1.2 లక్షలే. తేడా 15 శాతం లోపుంటే కోత ఉండదు. కాబట్టి దసరా, సంక్రాంతి స్టాక్‌ను లెక్కలో వేసుకోండి, అదీ కొన్న ధరకే.

ట్రాన్సిట్ పాలసీ, అంటే దారిలో ఉన్న సరుకుకు బీమా, పార్సిల్ గది దాటాక పనికొస్తుంది. ఇన్‌లాండ్ ట్రాన్సిట్‌లో (దేశం లోపలి రవాణాకు) ఎ క్లాజే అడగండి, మినహాయింపులు పోను అన్ని నష్టాలకూ వర్తించేది అదే. సి అయితే దాదాపు నిప్పు, పిడుగులకే. పలచటి కవర్లో పెట్టి పంపిన చీర తడిస్తే, ప్యాకింగ్ సరిగా లేదని క్లెయిమ్ కొట్టేస్తారు. సరుకు పోయినా, పాడైనా రోడ్డు రవాణా సంస్థకైతే బుకింగ్ తేదీ నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వక నోటీసూ ఇవ్వాలి.

రోజుకు నాలుగైదు పార్సిళ్లేనా? అయితే మొదటిదే, అంటే సూక్ష్మ ఉద్యమ సురక్షే తీసుకోండి.