ఓటీపీ ఒకరికి, జ్వరం ఒకరికి: ఒక క్యాన్సర్ ఆసుపత్రి ఆప్ గురించి

రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసిన నాటి నుంచి నేను మా ఆసుపత్రి వారి ఆప్‌ను వాడుతున్నాను. అపాయింట్‌మెంట్లు, రిపోర్టుల సంగతి అందరికీ తెలిసిందే కాబట్టి వాటి జోలికి పోను. చెప్పదలచుకున్నది డాక్టరుకు సందేశం పంపే సదుపాయం గురించి మాత్రమే. క్యాన్సర్ తిరగబెట్టకుండా ఇచ్చే టామాక్సిఫెన్ మాత్రను ఐదేళ్లు, కొందరైతే పదేళ్లు వేసుకోవలసి ఉంటుంది. మధ్యలో పుట్టే ప్రతి సందేహానికీ ఓపీ టోకెన్ తీసుకుని కూర్చోనక్కర లేకపోవడం పెద్ద ఊరట. తిరుపతిలోనే ఉంటూ ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాయగల నాకు దాదాపు ప్రతిసారీ ఆ సాయంత్రానికే జవాబు వచ్చింది. అడిగినవారందరికీ బాగుందనే చెబుతూ వచ్చాను.

అదే డాక్టరు దగ్గర ఆపరేషన్ చేయించుకున్న మా వదినకు మాత్రం ఆ ఆప్ ఉన్నా లేనట్టే. ఆమెది పలమనేరు దగ్గరి పల్లె. చేతిలో ఉన్నది బటన్ ఫోను కావడంతో, కౌంటరులో బెంగళూరులో ఉన్న కొడుకు నంబరు రాయించారు.

చంకలో లింఫ్ గ్రంథులు తీసేసినవారికి చెయ్యి వాయడం కొత్త కాదు. వాపుకు ఎరుపు, వేడి, జ్వరం తోడైతే మాత్రం ఇన్ఫెక్షన్‌గా అనుమానించి వెంటనే యాంటీబయాటిక్ మొదలుపెట్టాలి. మొన్నటి వర్షాకాలంలో వదినకు సరిగ్గా అదే జరిగింది. పక్కింటి అమ్మాయి ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పంపింది. మోచేతి నుంచి మణికట్టు దాకా ఎర్రగా కంది, గాజులు చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి. నా ఫోనులో ఆమె పేరుతో లాగిన్ కాబోతే ఓటీపీ మా మేనల్లుడికి వెళ్లింది. నైట్ షిఫ్టు చేసి పడుకున్న అతను లేచి అంకెలు చదివేసరికి గడువు దాటింది. మళ్లీ ప్రయత్నిస్తే లాగిన్ కాసేపు నిలిపివేశామన్న సందేశం కనిపించింది. చివరకు ఆ ఫోటోను నా ఖాతా నుంచే, విషయం వివరించి పంపాను. 'ఈ రికార్డు మీది కాదు, రోగి స్వయంగా లాగిన్ అయి అడగాలి' అన్నది జవాబు. మరునాడు వదిన జ్వరంతోనే బస్సెక్కి వచ్చింది. అడ్మిట్ చేసుకుని నరం ద్వారా మందు ఎక్కించారు.

ఒకరి రికార్డులో మరొకరి వివరాలు కలవకూడదనడం సబబే. అయితే 2020 మార్చిలో కేంద్రం జారీ చేసిన టెలిమెడిసిన్ (దూరం నుంచే వైద్య సలహా) మార్గదర్శకాలు మామూలు ఫోను సంభాషణను కూడా వైద్య సలహాగానే గుర్తిస్తాయి, రోగి అనుమతితో సహాయకులు మాట్లాడడాన్నీ ఒప్పుకుంటాయి. ఈ ఆప్‌లో ఆ రెండింటికీ చోటు లేదు. తెలుగు కూడా లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో ఎప్పుడైనా ఇంటర్నెట్ వాడిన మహిళలు 21 శాతమే, పురుషులు 48.8 శాతం. అదీ 49 ఏళ్ల లోపు మహిళల లెక్క. వదిన వయసువారు అందులో లేనే లేరు. ఊళ్లోని హెల్త్ క్లినిక్ నుంచి ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవ ఈ-సంజీవని ద్వారా డాక్టరుతో మాట్లాడించే వీలున్నా, ఆ డాక్టరు ఆమెకు ఆపరేషన్ చేసిన మనిషి కారు కదా.

సొంత స్మార్ట్‌ఫోను, కాస్త ఇంగ్లీషు ఉన్నవారికి ఈ ఆప్ వద్దని నేను ఇప్పటికీ అనను. నేనూ వాడుతూనే ఉన్నాను. మా వదినలాంటివారు ఇంట్లో ఉంటే, రిజిస్ట్రేషన్ నాడే రోజూ పక్కన ఉండే మనిషి నంబరు ఇవ్వండి. వార్డులో ఎవరికి ఫోను చేయాలో కాగితం మీద రాయించుకోండి. మా వదిన నంబరు ఇంకా మారలేదు. మార్చాలంటే ఆమే ఆధార్ కార్డుతో కౌంటరుకు రావాలట, అది వచ్చే చెకప్ నాటి మాట.