త్రీ ఫిఫ్టీ సెవెన్ లీవర్ రైఫిల్: ఏళ్ళ తరబడి వాడాక

రివాల్వర్ తూటాలు కాల్చే లీవర్ యాక్షన్ రైఫిల్ (ట్రిగర్ దగ్గరి పిడి తిప్పితే తూటా మారేది) కొనాలనుకునేవాళ్ళు ఎక్కువగా ఏ కంపెనీది మంచిదని అడుగుతుంటారు. నేనైతే ముందు తూటా సంగతి తేల్చుకోమంటాను. తుపాకీలో చిన్నచిన్న లోపాలుంటే మెకానిక్ సరిచేస్తాడు. తూటా ఎంపిక కుదరకపోతే మాత్రం ఆ రైఫిల్ సేఫ్‌లోంచి బయటికి రాదు. డాలస్ దగ్గర ఉంటూ ఇన్నేళ్ళుగా నేను వాడుతున్నది 1892 నమూనా కార్బైన్ (పొట్టి రైఫిల్), 20 అంగుళాల బ్యారెల్, తూటా .357 మాగ్నమ్. మళ్ళీ కొనాల్సివచ్చినా ఇదే తూటాలో కొంటాను.

ఎందుకంటే .357లో తీసుకుంటే .38 స్పెషల్ కూడా కలిసొస్తుంది. రెండింటి గుండు వ్యాసం ఒకటే. .357 కేస్ (గుండునూ మందునూ పట్టి ఉంచే ఇత్తడి గొట్టం) మాత్రం అంగుళంలో ఎనిమిదో వంతు కంటే కాస్త ఎక్కువ పొడవుంటుంది. 1935లో ఈ తూటా వచ్చినప్పుడు, అంత ఒత్తిడి తట్టుకోలేని పాత .38 రివాల్వర్లలో ఇది దూరకూడదని కావాలనే ఆ పొడవు పెంచారు. అందుకే .357 తుపాకీలో .38 కాల్చవచ్చు, .38 తుపాకీలో .357 కాల్చకూడదు.

రోజువారీ సాధనకు .38 అంత హాయైనది ఇంకోటి లేదు. అంత పొడవు బ్యారెల్లోంచి వచ్చేసరికి శబ్దం బాగా తగ్గిపోతుంది, భుజానికి తగిలే దెబ్బ పేరుకే. మా ఆవిడ తుపాకీ పట్టడం నేర్చుకున్నది దీంతోనే. పెద్ద రైఫిళ్ళు చూపించినప్పుడు వెనక్కి జరిగిన మనిషి, ఇప్పుడు రేంజ్‌కి బయల్దేరితే ముందు తనే కారెక్కుతుంది. అదే రైఫిల్లో .357 పెట్టామా, వ్యవహారం పూర్తిగా మారిపోతుంది. నాలుగంగుళాల రివాల్వర్లోంచి 158 గ్రెయిన్ల బరువున్న గుండు సెకనుకు సుమారు 1,200 అడుగుల వేగంతో వెళ్తే, ఈ బ్యారెల్లోంచి 1,800 దగ్గరికి చేరుతుంది. శక్తి లెక్క వేస్తే రెండింతలు. మాగ్నమ్‌లో నిదానంగా కాలే మందు ఎక్కువ పోస్తారు కాబట్టి అది పూర్తిగా పనిచేయడానికి పొడవైన బ్యారెల్ వీలిస్తుంది. .38లో ఉండే కొద్దిపాటి మందు ముందే కాలిపోతుంది, దాని వేగం పెద్దగా పెరగదు.

అయినా ఇది దూరపు రైఫిల్ కాదు. ఇక్కడ టెక్సస్‌లో పొలాలు నాశనం చేసే అడవి పందుల మీద నూరు గజాల లోపు నమ్మకంగా పనిచేస్తుంది. స్కోప్ లేకుండా ఇనుప సైట్లతో నేనైతే డెబ్బై అయిదు గజాలు దాటి కాల్చను. ఆపైన గుండు త్వరగా కిందికి దిగుతుంది, జంతువు గాయంతో పారిపోతుంది. అది నాకు ఇష్టం లేదు. 2019 సెప్టెంబర్ నుంచి ప్రైవేటు భూమిలో యజమాని అనుమతి ఉంటే పందులకు హంటింగ్ లైసెన్స్ అక్కర్లేదు. జింకలకైతే లైసెన్స్ తప్పనిసరి. ఒహాయో వాళ్ళకు ఇంకో సౌకర్యం: అక్కడ 2014 నుంచి ముందువైపు సన్నబడని, తిన్నని కేస్ ఉన్న రైఫిల్ తూటాలతో జింకల వేటకు అనుమతి ఉంది, .357 ఆ కోవలోదే.

"అన్నా, ఎలాగూ కొంటున్నా కదా, .44 మాగ్నమ్ తీసుకోనా?" అని మా తమ్ముడి స్నేహితుడు అడిగాడు. జింకలూ పందులే ప్రధానమైతే తీసుకో అన్నాను. అది నిజంగా బలమైన తూటా. కానీ తేలికపాటి కార్బైన్లో, అందులోనూ వంపు తిరిగిన ఇనుప బట్ ఉన్నదాంట్లో, ఒక పెట్టె కాల్చేసరికి భుజం చెబుతుంది. తూటా ధర కూడా ఎక్కువ, కాబట్టి సాధన తగ్గుతుంది. .45 కోల్ట్ దెబ్బ మెత్తగా ఉండే తూటా, సొంతంగా తూటాలు నింపుకునేవాళ్ళకు బాగుంటుంది. ఇక పాతకాలపు .44-40 తూటా అంటే నాకు గౌరవం. 1873 వించెస్టర్ ఆ తూటాతోనే వచ్చింది, 1878లో కోల్ట్ రివాల్వర్ కూడా అదే తూటాకు తయారైంది, నడుముకున్న ఒక్క బెల్టు రెండు తుపాకులకూ సరిపోయేది. రివాల్వర్ తూటా రైఫిల్ అన్న ఆలోచన జనంలో నిలబడింది అక్కడే. ఇవాళ మాత్రం ఆ తూటాలు ఖరీదు, కేస్ గోడలు పలచన.

నమూనాల్లో తేడాలున్నాయి. 1873 లీవర్ అంత మృదువుగా ఇంకేదీ తిరగదు, కౌబాయ్ షూటింగ్ పోటీల్లో అందుకే దానికి అంత ఆదరణ. కానీ బరువు ఎక్కువ, తూటా పొడవు విషయంలో చాలా పట్టింపు. జాన్ బ్రౌనింగ్ రూపొందించిన 1892 తేలిక, తూటా వెనక మూసే బోల్టును పట్టి ఉంచే రెండు నిలువు దిమ్మెల వల్ల గట్టిది. ఖాళీ కేసులు పైకి ఎగురుతాయి కనుక రిసీవర్ (తుపాకీ నడిమి భాగం) మీద స్కోప్ పెట్టడం ఇబ్బంది. స్కోప్ కావాలనుకునేవాళ్ళకు మార్లిన్ 1894 సరైనది. పైభాగం మూసి ఉంటుంది, కేసులు పక్కకి పడతాయి. 2020లో ఆ పేరును రూగర్ కంపెనీ కొన్నాక తయారీ మళ్ళీ మొదలైంది. హెన్రీ కంపెనీ రైఫిళ్ళలో మొదట్లో తూటాలు బ్యారెల్ కింది మ్యాగజైన్ గొట్టం ముందువైపు నుంచే పెట్టాల్సివచ్చేది, తర్వాత పక్కన తూటాలు తోసే గేటు ఉన్నవీ వచ్చాయి. గొట్టం తీసి ఖాళీ చేసుకోగలగడం మాత్రం భద్రత పరంగా పెద్ద సుఖం. నాదాంట్లో ప్రతి తూటానూ లీవర్ తిప్పి బయటికి తీయాలి, అంతసేపూ బ్యారెల్ ఎటు చూస్తోందో ఒళ్ళు దగ్గర పెట్టుకుని చూసుకోవాలి.

నా రైఫిల్‌లో తీసుకున్నప్పుడు లోడింగ్ గేటు అంచు పదునుగా ఉండేది, బొటనవేలు కోసుకుపోయేది. తుపాకీ మెకానిక్ చేత నున్నగా చేయించాను. వెనక సైటు తీసేసి పీప్ సైటు (చిన్న రంధ్రంలోంచి చూసేది) పెట్టించాక గురి కుదిరింది, ఈ వయసు కళ్ళకు అది వరం. తూటాల్లో 158 గ్రెయిన్ల సీసపు గుండు, కొన చదునుగా ఉన్నది, .38లోనూ .357లోనూ ఏ అడ్డూ లేకుండా వెళ్తుంది. పొట్టి వాడ్‌కటర్లు (గుండు కేస్ అంచుకు సమంగా ఉండే తూటాలు) వెళ్ళవు. కొన వాడిగా ఉన్న గట్టి గుండ్లను గొట్టం మ్యాగజైన్లో అసలు వేయకూడదు, ఆ కొన ముందున్న తూటా ప్రైమర్ (దెబ్బ తగిలితే పేలే బిళ్ళ) మీద ఆనుతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి. .38 ఎక్కువగా కాలిస్తే చాంబర్లో (తూటా కూర్చునే భాగంలో) పొట్టి .38 కేస్ ఆగే చోట మసి ఉంగరంలా పేరుకుంటుంది. దాని మీద .357 పెడితే బిగుస్తుంది. కాల్చిన రోజే ఇత్తడి బ్రష్‌తో అక్కడ గట్టిగా తోమితే చాలు. పొడి గుడ్డ మాత్రం పనిచేయదు.

చట్టం గురించి మనవాళ్ళకు ఒక మాట. హెచ్-1బి లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ కొనడమే కాదు, దగ్గర ఉంచుకోవడాన్ని కూడా ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ లాంటి కొన్ని మినహాయింపులున్నాయి. గ్రీన్ కార్డు ఉంటే కొనవచ్చు. రేంజ్‌కి స్నేహితుణ్ణి తీసుకెళ్ళేముందు అతని వీసా సంగతి కనుక్కోండి. టెక్సస్‌లో పదిహేడేళ్ళలోపు పిల్లలకు లోడు చేసిన తుపాకీ అందేలా వదిలేయడం నేరం. ఇంట్లో పిల్లలుంటే రైఫిల్ కంటే ముందు సేఫ్ కొనండి.

షాపుకెళ్ళినప్పుడు మీరు కాల్చబోయే తూటాల పొడవే ఉన్న డమ్మీలు (మందు లేని ఉత్తుత్తి తూటాలు) తీసుకెళ్ళి, అడిగి, గొట్టం నిండా పెట్టి తిప్పి చూడండి. ఒకసారి నిదానంగా, ఒకసారి విసురుగా. రెండు రకాలుగానూ అన్నీ సాఫీగా లోపలికెళ్ళి బయటికొస్తే, దాని మీద ఏ పేరు చెక్కి ఉన్నా తీసుకోవచ్చు.