పిల్లల్లో థైరాయిడ్ లోపం: వెంటనే మందా, ఆగి చూడటమా? ఏది మేలు?

రిపోర్టులో టీఎస్‌హెచ్ ఎక్కువ ఉందని తెలియగానే ఇంట్లో చర్చ మొదలవుతుంది. థైరాయిడ్ గ్రంథిని పనిచేయించే హార్మోను ఇది; థైరాయిడ్ హార్మోను తగ్గితే ఇది పెరుగుతుంది. ఇంత చిన్న వయసులో మందులా అని ఒకరు, ఆలస్యం చేయకూడదని మరొకరు. ఇద్దరి మాటా నిజమే కావచ్చు. ఎవరి మాట వినాలన్నది ముందుగా బిడ్డ వయసే తేలుస్తుంది.

పసికందు విషయంలో ఆగడం ప్రమాదం. సుమారు మూడేళ్లు వచ్చేదాకా మెదడు ఎదుగుదల థైరాయిడ్ హార్మోనుపై ఆధారపడి ఉంటుంది. అప్పటి నష్టాన్ని తర్వాత ఎంత మందు వాడినా పూర్తిగా పూడ్చలేం. పైగా తల్లి నుంచి అందిన హార్మోను వల్ల లోపమున్న బిడ్డ కూడా మొదట్లో చక్కగానే కనిపిస్తుంది. పాలు తాగుతోంది, నిద్రపోతోంది కదా అని ధీమా పడకూడదు. మడమ నుంచి రక్తపు చుక్క తీసి చేసే పరీక్షలో లోపం కనబడి, అది రూఢి అయితే రెండు వారాల వయసులోపే లెవోథైరాక్సిన్ (థైరాయిడ్ హార్మోను లోటు తీర్చే మందు) మొదలుపెట్టాలి. మొదటి మోతాదు సాధారణంగా కిలో బరువుకు రోజుకు 10–15 మైక్రోగ్రాములు. తీవ్రమైన లోపమని అనిపిస్తే నిర్ధారణ పరీక్షకు రక్తం తీసిన వెంటనే, ఫలితం రాకముందే వైద్యులు మందు ఇస్తారు.

ఒకసారి మొదలుపెడితే జీవితాంతం వేయాలన్న భయం ఇక్కడ అడ్డురాకూడదు. గ్రంథి ఉండవలసిన చోటే ఉన్న పిల్లల్లో మూడేళ్ల తర్వాత, వైద్యుల పర్యవేక్షణలో కొన్ని వారాలు మందు ఆపి మళ్లీ పరీక్షిస్తారు. కొందరికి ఇక అవసరం ఉండదు.

బడికి వెళ్లే పిల్లల్లో టీ4 (థైరాయిడ్ గ్రంథి తయారుచేసే హార్మోను) మామూలుగా ఉండి, టీఎస్‌హెచ్ మాత్రం 5–10 మధ్య ఉంటే నా మొగ్గు ఆగి చూడటానికే. చాలామందిలో అది దానంతటదే తగ్గుతుంది. ఊబకాయం వల్ల కూడా ఆ అంకె కాస్త పెరుగుతుంది. అలాంటప్పుడు బరువు తగ్గితే టీఎస్‌హెచ్ దిగవచ్చు; మాత్ర వేసినంత మాత్రాన బరువు దిగదు. బరువు తగ్గించడానికి ఈ మందు అడగవద్దని తల్లిదండ్రులను వేడుకుంటున్నాను.

ఆగడమంటే వదిలేయడం కాదు. వైద్యులు చెప్పిన గడువుకు మళ్లీ పరీక్ష చేయించాలి, ఎత్తు రాసిపెట్టుకోవాలి. పెద్ద పిల్లల్లో ఎదుగుదల నెమ్మదించడమే చాలాసార్లు మొదటి గుర్తు. ఎత్తు ఆగినా, మెడ దగ్గర వాపు కనిపించినా, టీఎస్‌హెచ్ 10 దాటి అలాగే ఉన్నా తూకం మందు వైపు మొగ్గుతుంది. టీ4 నిజంగా తగ్గిపోతే ఏ వయసులోనైనా చికిత్స తప్పదు.

మందు మొదలయ్యాక ఐరన్, కాల్షియం మందులకూ దీనికీ నాలుగు గంటల ఎడం ఉంచండి. పసివాళ్లకు మాత్రను పొడి చేసి, చెంచాడు నీళ్లలోనో తల్లిపాలలోనో కలిపి అప్పటికప్పుడే పట్టండి. సీసా నిండా పాలలో కలిపితే, బిడ్డ సగం వదిలేసిన రోజున మోతాదు కూడా సగమే అందుతుంది.